తీరిక వేళ – సూదీ దారమూ

(ఒక గ్రామ మహిళా సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)

సోదరీమణులారా! వెనుక వరుసలో గోడకానుకొని నిలుచున్న సోదరులారా!

మీ సంఘమువారు మమ్ము పిలిచినపుడు సూదిపనులను గురించి నాలుగు మాటలు చెప్పవలసినదని కోరిరి. సూదిపని చేతితో చేయవలసినదే గాని నోటితో చెప్పవలసినది కాదు. అదియును మీ ఎదుట! ఈ సభలో కూర్చున్నవారిలో కొందరి చేతులలో ఈ క్షణముననే క్రోషా సూదులు కదలుచున్నవి. అందులకు మాకేమియు అభ్యంతరము లేదు. వినుచు అల్లుటకు వీలైన పని అది. మా ఉపన్యాసము చప్పగా నున్నను మీకు జానెడు లేసయినను మిగులును.

ముందుగా మేము చేసిన పొరపాటు నొకదానిని చెప్పుకొనవలసియున్నది. ఉద్యోగమున చేరిన క్రొత్తలో ఇట్టి సభ యొకదానికి వెళ్ళి, వ్రాసికొని వచ్చిన కాగితము చూచి, “స్త్రీలు తమ తీరిక వేళలను వ్యర్థపుచ్చక సూదిపనులు నేర్చి నాలుగు రూకలు ఆర్జింపవలెను” అని గట్టిగా చదివితిమి. చప్పట్లు కూడ కొట్టిరి. సభ ముగిసిన పిమ్మట ఒక వృద్ధురాలు దగ్గరకు వచ్చి, “బాబూ, తీరిక వేళ అన్నావు. అది ఎన్నింటికి వస్తుందో ఆ కాగితంలో రాసుందా?” అని అడిగినది. ఎగతాళిగా నడుగలేదు, నిజముగా తెలిసికొనగోరియే అడిగినట్లుండెను. మాకు జవాబు తోచలేదు. మజ్జిగ త్రాగి జీపు ఎక్కితిమి. ఆ ప్రశ్న మాత్రము చాలకాలము మమ్ము వెన్నాడినది. నేడు చెప్పబోవు మాటలన్నియు ఆమెకు ఆనాడు చెప్పలేకపోయిన జవాబే అనుకొనుడు.

మన పల్లెలలో సూదిపని అనగానే మొదట చెప్పదగినది బొంత. దీనికి బడి లేదు, కొనవలసిన సరకు లేదు. ఉదికి ఉదికి మెత్తబడిన చీరలు, పంచెలు నాలుగైదు పొరలుగా పరచి, మూలలయందు బిందెయో రోకలియో బరువు పెట్టి, ముడుతలు సవరించి, పెద్ద పెద్ద టాకాలు వేసి, ఆ మీదట వరుస వెంబడి వరుసగా కుట్టుకొని పోవుటయే. క్రొత్త గుడ్డ ఇందుకు పనికిరాదు. గంజి వదలని గుడ్డ సూదికి ఎదురు తిరుగును. పసిబిడ్డ ఒంటికి గరుకుగా తగులును. కొందరు అంచు వెంట మొదలుపెట్టి చుట్టు తిరుగుచు నడుమకు వత్తురు. అట్లు కుట్టినచో ముడుతలన్నియు నడుమకు చేరి బుడిపె కట్టును. నడుమ నుండి అంచులకు పోవుట మేలు. దళసరి బొంతకు దబ్బనము, పురిటి బిడ్డ బొంతకు సన్నసూది.

బెంగాలు ప్రాంతమున ఇట్టి పనినే కాంథా అందురు. పాత చీరల అంచుల నుండి లాగిన రంగు పోగులతోనే పూలు, ఏనుగులు, పడవలు కుట్టుట అచటి పూర్వపుటాచారము. మన బొంతలలో అంతటి చిత్రరచన కానరాదు గాని, చీరల రంగులే మనకు చిత్రములు. ఏ ముక్క ఎవరి పెండ్లినాటి చీరదో, ఏ ముక్క ఏ పిల్ల చిన్ననాటి పరికిణీదో వ్రేలు పెట్టి చూపి చెప్పగల అమ్మమ్మలు మన యిండ్లలో నున్నారు. ఆ బొంతను ఎవరును అమ్మజూపరు. కొనెదనని యడిగినవానిని వెర్రివానిని చూచినట్లు చూతురు.

తెలంగాణమున లంబాడా తండాలలోని స్త్రీలు తమ ఫేటియాలకు, కాంచళీలకు అద్దములు, గవ్వలు, రంగు దారములు పొదిగి కుట్టు పని లోకప్రసిద్ధమైనది. నేడది పట్టణపు అంగళ్ళలో సంచులపైనను, దిండ్లపైనను కనబడుచున్నది. పుట్టుటలో మాత్రము అది అమ్మకమునకు పుట్టినది కాదు. తాము కట్టుకొనుటకును, తమ ఆడపిల్లకు పెండ్లినాడు పెట్టుటకును వారు కుట్టుకొనిరి. ఈ సంగతి గుర్తుంచుకొనుడు; మరల దీనితో పని యున్నది.

ఇక లేసు. ఒక కొక్కెపు సూది, ఒక దారపు ఉండ – ఇవి రెండే పరికరములు. దారముతో ఒక ఉచ్చు వేసి, ఆ ఉచ్చులోనుండి కొక్కెముతో దారమును లాగినచో మరియొక ఉచ్చు ఏర్పడును; ఇట్లు లాగుకొని పోయినది గొలుసు. గొలుసును వలయముగా కలిపి, దానిలోనుండి పొట్టి కమ్మలు, పొడుగు కమ్మలు లేపుకొని వచ్చినచో పూవు. పూవులను ఒండొంటికి చేర్చుట అతుకుపని. పేరు పెద్ద, పని చిన్న. చుక్కల ముగ్గు నేర్చిన పిల్లకు ఈ లెక్క వారము దినములలో పట్టుబడును. చుక్కలకు బదులు ఇక్కడ కన్నములు, అంతే.

రెండు సూదులతో చేయు ఊలు అల్లిక దీనికంటె కొంచెము చిక్కుపని. అందులో ఒక వరుసలోని ఉచ్చులన్నియు సూదిమీద ప్రాణముతో నుండును. ఒకటి జారినచో దాని క్రిందివి కూడ వరుసగా జారిపోవును. క్రోషాలో ఎప్పుడు చూచినను తెరచియున్న ఉచ్చు ఒక్కటే. పాలు పొంగినవన్నను, దూడ త్రాడు తెంపుకొన్నదన్నను, ఆ ఒక్క ఉచ్చును కొంచెము పెద్దదిగా లాగి పెట్టి లేచిపోవచ్చును. తిరిగి వచ్చినపుడు పని అక్కడనే యుండును. గృహిణి దినచర్యకు ఇంతకంటె తగిన పని మాకు కనబడలేదు.

దీనిలో మరియొక గుణము కలదు. తప్పు చేసినచో దారపు కొస పట్టి లాగుడు. కుట్టు వెంబడి కుట్టు విడిపోవును. తప్పు జరిగిన చోటికి చేరి ఆగుడు. దారము మీ దారమే, సూది మీ సూదియే; పోయినది కొంత సేపు. బొంగరాలబుట్టలో పిల్లవాడు పారవేసిన గుడ్డను కత్తిరించి పాడుచేసితిమన్న భయము దరజీకి ఉండును గాని, అల్లువానికి ఉండదు. మేమును ఈ విద్యను కొంత అభ్యసించితిమి. నవ్వకుడు. ఆ వృద్ధురాలి ప్రశ్న తరువాత, గోదావరి మండలమున ఒక యింటి అరుగు మీద కూర్చుండి ఒక పెద్దమ్మగారి దగ్గర నేర్చితిమి. మేము అల్లదలచినది చదరపు చేతిగుడ్డ. తేలినది మూడు మూలల పతంగము. ప్రతి వరుస చివర ఒక కుట్టును విడిచిపెట్టుచున్నామని ఆమె చూపువరకు మాకు తెలియలేదు. క్రొత్తవారందరును చేయు తప్పు ఇదియే. వరుస ముగిసినపుడెల్ల లెక్కించుకొన్నచో తప్పును. రెండవ తప్పు దారమును బిగించుట. భయమున్న చేయి దారమును బిగించును. నాలుగు దినములకు చేయి దానంతటదియే వదులగును.

ఈ లేసు మన దేశపు పని కాదు. ఐర్లండులో 1845వ సంవత్సరమున బంగాళాదుంప పంటకు తెగులు సోకి ఘోరమైన కరవు వచ్చినపుడు, అచటి క్రైస్తవ సన్యాసినులు పేద స్త్రీలకు క్రోషా పని నేర్పి దానిపై కొందరికి గంజి పుట్టించిరి. మన పశ్చిమ గోదావరిలో నరసాపురము, పాలకొల్లు పరిసరములకు ఈ విద్యను 19వ శతాబ్దిలో తెచ్చినవారును క్రైస్తవ మిషనరీలే. అచ్చటను మొదట నేర్చినది పేద స్త్రీలే. క్రమముగా అది ఊరూరికిని ప్రాకి, కులమతముల యెల్లలు దాటి, గడప దాటని యిల్లాండ్ర చేతులలోనికి వచ్చినది. ఆ ప్రాంతపు బల్లగుడ్డలు, మంచపు దుప్పట్లు సముద్రములు దాటిపోయినవి. నరసాపురపు లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. ఇది మన రాష్ట్రమునకు గౌరవము.

ఆ దారమును గురించి ఒక మాట. అంగడిలో మెర్సరైజ్డ్ అని ముద్రించిన ఉండలు చూచియుందురు. నూలును కాస్టిక్ సోడా ద్రవములో ముంచినచో బలమెక్కి రంగును బాగుగా పట్టునని కనిపెట్టి 1850లో పేటెంటు పొందినవాడు జాన్ మెర్సరు అను ఆంగ్లేయుడు. ముంచునప్పుడు బిగువుగా లాగిపట్టినచో పట్టువంటి మెరుగు కూడ వచ్చునని తరువాతివారు తెలిసికొనిరి. లేసుకు ఆ నూలు మేలు. నేర్చుకొనునప్పుడు మాత్రము లావుపాటి దారము, పెద్ద కొక్కెము, లేత రంగు. నల్ల దారముతో మొదలుపెట్టిన పిల్ల రెండవ దినమున మానివేయును; కుట్టు కంటికి కనబడదు.

గౌరవమునకు వెనుక మరియొక ప్రక్క కూడ నున్నది. దానిని దాచి ఉపన్యసించుట మాకు ఇష్టము లేదు. మరియా మీస్ అను జర్మను సామాజిక శాస్త్రజ్ఞురాలు నరసాపురపు లేసు స్త్రీల బ్రదుకును పరిశీలించి వ్రాసిన గ్రంథము 1982లో వెలువడినది. ఆ స్త్రీలు దినమునకు ఆరు మొదలు ఎనిమిది గంటలు లేసు అల్లుచుండిరి. ఇంటి పని అంతయు దీనికి అదనము. కూలి అత్యల్పము. అయినను ఊరు వారిని పనివాండ్రని అనలేదు. ఇంటిపట్టున నుండి తీరిక వేళ అల్లుకొనుచున్నారన్నది. వ్యాపారికి ఆ మాట లాభించినది. ఇంటి మగవానికి ఆ మాట పరువుగా తోచినది. ఎనిమిది గంటల పనికి తీరిక యని పేరు పెట్టినచో కూలిని అడుగువారెవరు? మేము ఆనాడు సభలో చదివిన వాక్యములోనున్న దోషమిదియే. ఆ పుస్తకము చదివిన పిమ్మట మా కాగితమును మేమే చించివైచితిమి.

కాబట్టి రెండు అల్లికలను వేరు చేసి చూడుడు. కూలికి చేయు అల్లిక పని. దానికి కూలి సరిగా రావలెను, లెక్క వ్రాసి యుండవలెను, వెలుతురు కావలెను, సంఘముగా కూడి బేరము చేయవలెను. మీ పొదుపు సంఘము ఆ బేరమునకు పూనుకొన్నచో మా శాఖ సంతోషించును. నేడు మేము మాటలాడవచ్చినది రెండవదానిని గురించి – ఎవరి బేరమును లేని అల్లిక. బొంతవంటిది, తండాలో తల్లి కూతురికి కుట్టిన కాంచళివంటిది.

అది ఎందులకు? అని అడుగువారున్నారు. వెల పలుకని పనికి ప్రయోజనమేమని మన యిండ్లలో ఇప్పుడు చిన్నపిల్లలు కూడ అడుగుచున్నారు. 2013లో ఒక ఆంగ్ల వైద్యపత్రికలో వెలువడిన అధ్యయనమున పలు దేశముల నుండి 3,545 మంది ఊలు అల్లికదారులు ప్రశ్నలకు బదులు చెప్పిరి. తరచుగా అల్లువారు మనస్సు కుదుటపడుచున్నదనియు, సంతోషము కలుగుచున్నదనియు ఎక్కువగా చెప్పిరి. అల్లికయందు ప్రీతి గలవారినే అడిగిరి గనుక ఈ సాక్ష్యమును తూచి స్వీకరింపవలెను. అల్లిక మందు అని మేము అనము. నిద్రపట్టని దిగులు నెలల తరబడి యున్నవారు వైద్యునికి చూపించుకొనవలసినదే. అయినను చేయి ఒకే లయలో కదలుచు, మనస్సు ఒకటి, రెండు, మూడు అని లెక్కించుచున్నపుడు, అప్పుల లెక్కకు అందులో చోటు చాలదన్నది అల్లినవారందరును ఎరిగినదే. మొదటి ప్రపంచయుద్ధము తరువాత గాయపడిన సైనికులకు ఆసుపత్రులలో చేతిపనులు నేర్పుట ఇందులకే.

మా యింటి సంగతి ఒకటి. మా తండ్రిగారు గతించిన పిదప మా తల్లిగారు ఏడెనిమిది నెలలు మాటలు తగ్గించిరి. వంట చేసిరి, పూజ చేసిరి, అడిగినదానికి బదులిచ్చిరి, అంతకుమించి లేదు. ఒక దినమున ట్రంకుపెట్టె తెరచి తండ్రిగారి పంచెలన్నియు బయటకు తీసిరి. ఎవరికైనను పంచిపెట్టుదురనుకొంటిమి. వాటిని నేలపై పరచి, నాలుగు మూలల బరువులు పెట్టి, బొంత మొదలుపెట్టిరి. దినమునకు ఒక గంట, కిటికీ దగ్గర. మేము బుద్ధిమంతులవలె, “అమ్మా, బజారులో దుప్పటి చవుకగా దొరుకునే, కన్నులు పాడుచేసికొందు వెందులకు?” అంటిమి. ఆమె సూదిలో దారము ఎక్కించుచు, “ఇది కప్పుకోవడానికి కాదురా, కుట్టుకోవడానికి” అనిరి. ఆ బొంత ముగియుటకు మూడు నెలలు పట్టినది. రెండవ నెలలో ఒక సాయంకాలము ఆమె కుట్టుచు తండ్రిగారి పంచె అంచును గురించి, అది కొన్న సంతను గురించి తమంతట తామే చెప్ప మొదలుపెట్టిరి. మేము దీపము వేయుట మరచి వింటిమి.

ఇప్పుడు ఆ వృద్ధురాలి ప్రశ్నకు వత్తము. తీరిక ఎన్నింటికి వచ్చును? రాదు. దానిని కేటాయింపవలెను, కేటాయించుటకు ఇంటిలో తక్కినవారు ఒప్పుకొనవలెను. సోదరులారా, ఈ మాట మీకు. మేము చూచిన యొక యూరిలో కొందరు స్త్రీలు మధ్యాహ్నము మూడు గంటలకు రావిచెట్టు క్రింద చేరి గంటసేపు అల్లుకొందురు. ఆ గంటలో వాయిదా సొమ్ముల మాట ఎత్తరాదని వారి కట్టుబాటు. పిల్లలను చూచు భారము ఇంటనున్న మగవారిది. మొదటి వారము ఇద్దరు భర్తలు పిల్లలను తెచ్చి చెట్టు క్రిందనే దింపి పోయిరట. రెండవ వారము నుండి ఆ పని మానిరి. ఎట్లు మాన్పించితిరని మేము అడుగలేదు, వారు చెప్పనులేదు.

సూది స్త్రీలదేనన్న మాటకు ఆధారము లేదు. అంతర్వేది తీరమున వలలు అల్లునదియు, చిరిగిన కన్నములు పూడ్చునదియు మగచేతులే. వల ముడి మీద నిలుచును, లేసు ఉచ్చు మీద నిలుచును, భేదమింతే. యూరపున పూర్వము ఊలు అల్లిక వృత్తిసంఘములలో చేరినవారు పురుషులే. మన దేశమున 1962లో చైనా యుద్ధము వచ్చినపుడు ఇల్లాండ్రు, బడిపిల్లలు జవానులకై స్వెట్టర్లు అల్లి పంపిరి. మన ఉక్కపోత నేలలలో స్వెట్టరుతో పని తక్కువ. అరకు వైపు, ఆదిలాబాదు వైపు చలి గలవారు ఊలు పట్టవచ్చును. తక్కినవారికి నూలే సుఖము.

ఏమి అల్లవలెనో మేము చెప్పము. ఒకప్పుడు ప్రతి యింటను రేడియోకు ఒక లేసు ముసుగు, తరువాత టెలివిజనుకు ఒక ముసుగు ఉండెడివి. గోడకు వ్రేలాడు పలుచని టెలివిజనులు వచ్చిన పిదప ఆ ముసుగుకు చోటు పోయినది. గుమ్మపు తోరణము, పిల్ల గౌను మెడపట్టీ, నీళ్ళ కూజాపై పూసలు కట్టిన మూతగుడ్డ – ఏదైనను సరియే. మచ్చులు కావలసినవారు పొరుగింటి గుడ్డను చూచి ఎత్తవచ్చును. చేతిఫోనులో చూచి నేర్చుకొను పిల్లలును ఉన్నారు. మాకు తోచినంతవరకు పొరుగింటి గుడ్డయే మేలు. సందేహము వచ్చినపుడు ఫోను ఆ కుట్టునే పదిసార్లు చూపును. పొరుగింటామె మీ చేయి పట్టి త్రిప్పును.

కన్నులను గురించి జాగ్రత్త. పగటి వెలుతురులో, వెలుతురు ఎడమ భుజము మీదుగా పడునట్లు కూర్చుండుడు. ఎడమచేతి వాటము వారికి కుడి వైపు. అరగంటకొకసారి తల యెత్తి దూరముననున్న చెట్టును చూడుడు. నలువది దాటినవారు సూది బెజ్జము కనబడక దారమును చేతికందనంత దూరము జరుపుచున్నచో అది చత్వారము. అద్దములు పెట్టించుకొన్నచో తీరును, సిగ్గుపడవలసిన పని లేదు. మణికట్టు నొచ్చినచో ఆ దినమునకు ఆపివేయుడు. సూదులను లెక్కపెట్టి డబ్బాలో వేయుడు. ముఖ్యముగా దబ్బనమును చాపమీద విడిచి లేవకుడు. అది మా అనుభవము.

అదిగో, ఆ బల్లమీద తెల్లని ఉండలు ఇరువది, పెద్ద కొక్కెపు సూదులు ఇరువది యున్నవి. సంఘమువారు తెప్పించినవి. ముందు వరుసలో కూర్చున్న పెద్దమ్మగారు ఇరువది గొలుసులు ఎట్లు వేయవలెనో చూపుటకు ఒప్పుకొన్నారు. నిలుచున్న సోదరులకు కూడ సూదులు చాలును. మేము ఆ చివర కూర్చుండెదము. మా పతంగమును చదరము చేయు పని ఇంకను మిగిలియున్నది.